కండరానికి సంకోచమా?

సందేహం: “నాడీ ప్రచోదనం అందగానే కండరం సంకోచిస్తుంది” అని పాఠంలో చదివి, “ఆజ్ఞ అందాక ఇంకా వెనకాడటం ఎందుకమ్మా?” అని మా అమ్మాయి అడిగింది. సంకోచం బదులు వేరే మాట వాడకూడదా?
– ఒక తల్లి, ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా

సమాధానం: మీ అమ్మాయి ఎంత చక్కగా పట్టుకుందమ్మా! సంకోచానికి మొదటి అర్థం ముడుచుకోవడం. కుంచించుకుపోవడం దీనికి తోబుట్టువు. నలుగురిలో నోరు విప్పవలసి వచ్చినప్పుడు మనసు ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడమే వెనకాడటమైంది. వాడుకలో ఇప్పుడు ఈ రెండో అర్థమే మిగిలింది. పాఠంలో తప్పు లేదు కానీ, ఆ ఒక్క మాట విప్పి చెప్పి ఉండవలసింది.

ప్రచోదనం అంటే ముందుకు తోలడం, ముల్లుకర్రతో ఎద్దును అదిలించినట్టు. ఒంట్లో అది నాడి వెంట పరుగెత్తే విద్యుత్ సంకేతం. గాయత్రీ మంత్రంలోని ‘ప్రచోదయాత్’ కూడా ఈ ధాతువుదే.

నీళ్ల బకెట్టును ఒక చేత్తో ఎత్తుతూ, రెండో చేతిని దండ మీద వేసి చూడమనండి. మోచెయ్యి మడిచేకొద్దీ కండ పొట్టిదై, లావెక్కి, గట్టిపడుతుంది. వెన్నుపాములో బయలుదేరిన ప్రచోదనం సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో నాడి కొసకు చేరుతుంది. ఆ కొస కండరాన్ని తాకదు, నడుమ సన్నని సందు ఉంటుంది. ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం ఆ సందు దాటి కండరపు పొరలో కొత్త విద్యుత్ తరంగాన్ని రేపుతుంది. దాంతో లోపల కాల్షియం విడుదలై, కండరంలోని ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు మయోసిన్ అనే మరో ప్రోటీన్ పోగుల మధ్యకు జారతాయి. మీ ఊరి మగ్గం మీద పడుగూ పేకా లాగా అడ్డంగా కాదు, ఒకదాని పక్కన ఒకటిగా. ఏ పోగూ ముడతపడదు, ఏ పోగు పొడవూ తగ్గదు. మొత్తం కండే పొట్టిదవుతుంది. అందుకే పిల్లలకు చెప్పేటప్పుడు ‘ముడుచుకుంటుంది’ కన్నా ‘కుదించుకుంటుంది’ అనడమే నాకు ఇష్టం. పరీక్షలో మాత్రం సంకోచమనే రాయనివ్వండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ప్రచోదనం ఆగాక కండరం ‘వ్యాకోచిస్తుంది’ అని రాస్తున్నారు. అది వేడెక్కిన ఇనుపకమ్మికి తగిన మాట. కండరం సడలుతుంది, అంతే. దాన్ని మళ్లీ సాగదీయడానికి దండ వెనక ఉన్న కండ కుదించుకోవాలి, లేదా చేతిలోని బరువు కిందికి లాగాలి. గుండె సంగతి వేరు. అక్కడ గదులు రక్తంతో నిండి నిజంగానే పెద్దవవుతాయి కనుక సంకోచ వ్యాకోచాలు అనవచ్చు.