రిఫండు తెప్పించినవాడు జరిమానా కట్టడు

ప్రశ్న: శ్రీసిటీలో ఉద్యోగం, తిరుపతిలో సొంతిల్లు. జీతం నెలకు 75 వేలు. సహోద్యోగి చెప్పిన ఏజెంటుతో 2024లో రిటర్ను వేయిస్తే జీతంలో కోసిన పన్ను 41,600 రూపాయలూ వెనక్కి వచ్చాయి. అతనికి 15 శాతం ఇచ్చి, మిగతాది బైకు డౌన్ పేమెంటుకు వాడాను. ఇప్పుడు మినహాయింపులు సరిచూసుకోమని ఆదాయ పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది. ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. ఇంకొకాయన పదివేలిస్తే లోపల సర్దుతానంటున్నారు. లోన్ యాప్‌లో 60 వేలు తీసుకోనా? రికరింగ్ డిపాజిట్‌లో 70 వేలున్నాయి కానీ అవి పాప ఫీజుకు.

జవాబు: లోన్ యాప్ మాట మరచిపోండి. ఆ రెండో ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మొదటివాడు మోసం చేశాడని తెలిసి కూడా అదే దారిలో రెండోవాడిని వెతకడం ఏమిటండీ?

మీరు పంపిన రిటర్ను చదివాను. కంపెనీ కొత్త విధానంలో పన్ను కోసింది. ఏజెంటు మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత విధానానికి మార్చి 80సీ కింద (పీఎఫ్ లాంటి పొదుపులకు) లక్షన్నర, ఇంటి అద్దె లక్ష, ఆరోగ్య బీమా 25 వేలు, ఒక రాజకీయ పార్టీకి విరాళం 75 వేలు రాశాడు. మొత్తం మూడున్నర లక్షలు. దాంతో పన్ను పడే ఆదాయం సరిగ్గా ఐదు లక్షలకు దిగి, పన్ను సున్నా అయింది. ఇందులో మీ పీఎఫ్ ఒక్కటే నిజం. సొంతింట్లో ఉంటూ అద్దె ఎవరికి కట్టారు? పోర్టల్‌లో ఉన్న ఈమెయిల్ కూడా మీది కాదు, అతను సృష్టించినది. అంతకుముందు వచ్చిన సందేశాలేవైనా ఉంటే అవి మీకు చేరే అవకాశమే లేదు.

ఓటీపీ చెప్పి రిటర్నును ధ్రువీకరించింది మీరే కాబట్టి చట్టం మిమ్మల్నే అడుగుతుంది. ఇలాంటి ఏజెంట్ల మీద 2025 జులైలో దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు జరిగాయి. అప్పటికి నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. మీరూ ఆ పనే చేయాలి.

ముందు పాస్‌వర్డ్, ఈమెయిల్, ఫోను నంబరు మార్చండి. తర్వాత ఛార్టర్డ్ అకౌంటెంటు దగ్గర అప్‌డేటెడ్ రిటర్ను, అంటే గడువు దాటాక తప్పులు దిద్దుకునే రిటర్ను వేయించండి. తక్కువలో తక్కువ ఆ 41,600, దానిపై వడ్డీ కట్టాలి. ఏ విధానంలో లెక్క వేస్తారన్నదాన్ని బట్టి పన్ను పెరగవచ్చు. ఆ పన్ను, వడ్డీల మీద అదనపు పన్ను కూడా ఉంటుంది: మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక తొలి ఏడాదిలో వేస్తే 25 శాతం, రెండో ఏడాదిలో 50, ఆపై 60, 70. ఊరికే కూర్చుంటే, తప్పుడు వివరాలిచ్చినందుకు పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. అంటే 41,600 మీదైతే 83,200, అసలు పన్ను కాక. విచారణ మొదలైతే ఈ దారి కూడా మూసుకుపోవచ్చు.

డబ్బు డిపాజిట్ నుంచే తీయండి. గడువుకు ముందు మూసినందుకు పోయే కాస్త వడ్డీ, యాప్ వాళ్లు పిండే దాని ముందు లెక్కలోకి రాదు. చాలకపోతే బ్యాంకులో బంగారంపై అప్పు, అదీ ఆరు నెలల్లో తీర్చేంతే.

అసలు నన్ను బాధపెట్టింది ఇది: 75 వేల జీతగాడికి 41,600 కట్టాలంటే లోన్ యాప్ గుర్తుకొచ్చింది. అత్యవసర నిధి లేని ఇంట్లో రిఫండు ఆశ బాగా పనిచేస్తుంది. ఏజెంట్లకు ఆ సంగతి తెలుసు. చేతిలో నాలుగు డబ్బులున్న మనిషి ‘ఇంత ఎలా వచ్చింది?’ అని అడుగుతాడు. మీరు అడగలేదు, అవసరం అడగనివ్వలేదు. ఈసారికి తప్పదు కానీ, ఇకపై పాప ఫీజు డిపాజిట్ పాప ఫీజుకే. ఇంటి ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో, ఏటీఎం కార్డు లేకుండా ఉండాలి. అది నిండేదాకా మ్యూచువల్ ఫండ్లు, స్థలాలు, చిట్టీలు ఏవీ వద్దు. రిటర్నులో అబద్ధంగా రాసిన ఆరోగ్య బీమాను మాత్రం ఈ నెలే నిజంగా తీసుకోండి.

వచ్చే ఏడాది రిటర్నుకు, రిఫండులో వాటా అడిగేవారి దగ్గరికి వెళ్లకండి. నిర్ణీత ఫీజు తీసుకుని రశీదు ఇచ్చేవారిని చూసుకోండి. ఫారం 16 (కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే పత్రం), ఏఐఎస్ (మీ ఆదాయంపై పన్ను శాఖ దగ్గరున్న వివరాల పట్టిక) పక్కన పెట్టుకుని ప్రతి మినహాయింపుకూ కాగితం ఉందో లేదో చూశాకే ఓటీపీ చెప్పండి. బైకు వాయిదాలు ముగిసిన నెల నుంచి ఆ మొత్తాన్ని అలాగే అత్యవసర నిధి ఖాతాకు మళ్లించండి.