బండి బాగోగులు: అద్దానికి ఆవిరి లోపలా, బయటా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలో లెక్చరర్‌ని. రోజూ పొద్దున్నే మరో ముగ్గురిని ఎక్కించుకుని నా కారులోనే వెళ్తాను. వానాకాలంలో కాజ టోల్‌గేట్ దాటేసరికి ముందద్దం తెల్లగా మసకబారుతుంది. డిసెంబరులో అయితే పెదకాకాని కూడా రాకముందే. ఏసీ వేస్తే పోతుందని ఒకరు, అసలు ఏసీ వల్లే వస్తుందని ఇంకొకరు. పక్కన లారీలు పోతుంటే ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా నిజమేనమ్మా. ఒకరు చలికాలం సంగతి చెబుతున్నారు, ఇంకొకరు వానాకాలం సంగతి. ఈసారి మసక పట్టగానే వైపర్ ఒక్కసారి తిప్పి చూడండి. పోయిందా, ఆవిరి బయట ఉన్నట్టు. పోలేదంటే లోపల. రెండింటికీ మందు ఒకటి కాదు.

వానాకాలంలో మన కృష్ణ ఒడ్డు గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఆరేసిన బట్టలు సాయంత్రానికీ ఆరవు. అలాంటి గాలిలో ఏసీ 18లో పెట్టి, ఆ చలి నేరుగా అద్దానికి కొట్టిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా అద్దం బయట చెమరుస్తుంది. ఏసీ ఆపక్కర్లేదు. 25, 26కి పెంచి, గాలిని అద్దం మీంచి ముఖం వైపు మళ్లించండి, వైపర్ వేయండి. కంగారులో డీఫాగర్ (అద్దం మీదికి గాలి కొట్టించే బటన్) నొక్కి ఇంకా చల్లగాలి కొట్టిస్తే మసక పెరుగుతుంది.

డిసెంబరులో కథ తిరగబడుతుంది. నలుగురి ఊపిరిలోని తేమ, బయటి చలికి చల్లబడ్డ అద్దానికి లోపల పడుతుంది. అప్పుడు ఏసీయే మందు. గాలి చల్లటి కాయిల్ మీదుగా పోయేటప్పుడు అందులోని తేమ నీరై దిగిపోతుంది; బండి ఆపినప్పుడు కింద కారే నీళ్లు అవే. కాబట్టి ఏసీ ఆన్ చేసి, నాబ్ ఎర్రగీత వైపు తిప్పి, ఆ పొడి వెచ్చటి గాలిని అద్దం మీదికి వదలండి. ఏసీ, హీటరు కలిపి వేస్తే ఇంజన్ పాడవుతుందని మా ఆటోనగర్‌లోనే అనేవాళ్లున్నారు. వినకండి.

కారు బొమ్మలో మెలితిరిగిన బాణం ఉన్న బటన్ ఒకటి ఉంటుంది చూడండి, అదే రీసర్క్యులేషన్. దుమ్ముకి భయపడి మనవాళ్లు ఏడాది పొడవునా దాన్ని వేసే ఉంచుతారు. అది ఆన్‌లో ఉంటే మీ నలుగురి ఊపిరీ లోపలే తిరుగుతూ ఉంటుంది. చలికాలంలో తీసేయండి. మరీ తొందరగా పోవాలంటే రెండు పక్కల అద్దాలు వేలెడంత దించండి.

చేత్తో మాత్రం తుడవద్దు. చేతి జిడ్డు అంటుకుని, ఎదురు బండి లైటు పడగానే అక్కడే గీతలు మెరుస్తాయి. అసలు లోపలి అద్దాన్ని మనం కడిగేదెప్పుడు? ఎండలో నిలిపిన బండిలో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు సన్నటి పొరలా పేరుకుంటాయి. తేమ దాన్ని ఇట్టే పట్టుకుంటుంది. మైక్రోఫైబర్ గుడ్డకి గ్లాస్ క్లీనర్ కొట్టి తుడిచి, ఇంకో పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. డ్యాష్‌బోర్డుకి నిగనిగలాడే పాలిష్ కూడా నాకు నచ్చదు, అదీ అద్దం మీదికే చేరుతుంది.

తడి గొడుగులు, కార్తీక స్నానాలకి వెళ్లొచ్చిన తడిబట్టలు రాత్రంతా బండిలో వదిలేస్తే తెల్లారేసరికి అద్దాలన్నీ తెల్లబడతాయి. ఏమీ ఒలకకుండానే ముందు సీటు కింద మ్యాట్ తడిసిందంటే ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయి ఉంటుంది. గాలి కొట్టించి శుభ్రం చేయించండి. అద్దం మీద జిడ్డు మసక, దానికి తోడు తియ్యటి వాసన వస్తే హీటర్ కాయిల్ నుంచి కూలెంట్ కారుతున్నట్టే. ఆ వారమే షెడ్డుకి తీసుకెళ్లండి, కూలెంట్ తగ్గితే ఇంజన్ వేడెక్కుతుంది.

వెనకద్దం మీది సన్నగీతలు అద్దాన్ని వేడిచేసి మసక పోగొట్టే డీఫాగర్ తీగలు. గీతల వెంబడే, ఎడమ నుంచి కుడికి తుడవండి. గోకితే తెగుతాయి, ఏ గీత తెగితే అక్కడ మసక అలాగే ఉండిపోతుంది.