మిషనుకు నూనె వేస్తున్నది ఎవరు?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీస్తాను. రెండేళ్లుగా, గీసిన దుస్తులను అమ్మ పాత కుట్టుమిషను మీద రాత్రిళ్లు కుడుతున్నాను. ఒక నాటక సమాజానికి దుర్యోధనుడి అంగరఖా కుట్టాను. నటుడు గద ఎత్తినా చిరగకుండా చంకల కింద అదనంగా గుడ్డముక్క వేశాను. ఆ పనిలో ఉన్నప్పుడే నేను నేనుగా ఉన్నాననిపిస్తుంది. నాన్న ‘ఆడంగి పని’ అంటూ నా బొమ్మల పుస్తకం చింపేశారు. అమ్మ ఏమీ అనదు. మిషనుకు మాత్రం ఎప్పుడూ నూనె వేసి ఉంటుంది, బాబిన్ నిండా దారం ఉంటుంది. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. నాలో ఏమైనా లోపం ఉందా?

జవాబు: లేదు. ఆ పుస్తకం చిరిగినప్పుడు మీకు కలిగిన బాధ కూడా న్యాయమైనదే. అందులో రెండేళ్ల రాత్రులున్నాయి.

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మీరు చేస్తున్నది ఆహార్యం, అంటే వేషభూషణాలతో పాత్రను చూపించడం. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక కుటుంబాల్లో వేషధారణ ఇంటిల్లిపాదీ చూసుకునే పని. మన దేశానికి తొలి ఆస్కార్ తెచ్చిన భాను అథయా చిత్రకళ చదువుకుని దుస్తుల రూపకల్పనలోకి వచ్చారు. ఇవన్నీ మీ ధైర్యం కోసం చెబుతున్నాను. నాన్నగారితో వాదనకు మాత్రం వాడకండి, ఓడిపోయానని అనిపిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు.

ఆయన నోట వచ్చింది ‘ఆడంగి’ అన్న మాటే అయినా, వెనక ఉన్నది మీ బతుకుతెరువు గురించిన భయం కావచ్చు. దానికి జవాబు మీ దగ్గర ఉంది. ఈ ఏడాది చదువు పూర్తి చేయండి. ఏ డిగ్రీ ఉన్నా జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ నిఫ్ట్‌లో ఎం.డిజైన్‌కు (డిజైన్‌లో పీజీ) దరఖాస్తు చేయవచ్చు. హైదరాబాద్‌లోనూ దాని ప్రాంగణం ఉంది. ప్రవేశ పరీక్షలో బొమ్మలు గీసే నేర్పుకు విలువ ఉంటుంది. ఈ దారిని కాగితం మీద రాసి ఆయనకు చూపించండి.

దానితో పాటు అంగరఖాను తిరగేసి, ఆ చంక ముక్కను కూడా చూపించండి. ఎక్కడ బట్ట లాగుతుందో, ఎంత వదులు కావాలో ముందే లెక్క వేశారు కదా! అది మీ చదువుకు శత్రువని నేననుకోను. వీలైతే ఒక ప్రదర్శనకు తీసుకెళ్లండి. రానంటే బలవంతపెట్టకండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ వారంలోనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఎవరికైనా చెప్పండి.

ఇక మీ ఉత్తరంలో మీరు అలవోకగా రాసి దాటిపోయిన మాట దగ్గరికి వస్తాను. నూనె తనంతట తాను పడదు, బాబిన్ తనంతట తాను నిండదు. మీరు నిద్రలేచేలోపు ఆ పని ఎవరో చేస్తున్నారు. నాన్నగారితో మాట్లాడే ముందు అమ్మ పక్కన కూర్చోండి. మిగిలిన కాగితాలు ఆమెకే ఇచ్చి, కొత్త పుస్తకం కుట్టిపెట్టమని అడగండి.