అమ్మకు డిమెన్షియా, పక్కన చిన్న పిల్లాడు: సాయం ఎవర్ని అడగాలి?

"డిమెన్షియా ఉన్న అమ్మని, ఎనిమిదేళ్ల బాబుని నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను, ఈమధ్య ఇద్దరి మీదా అరిచేస్తున్నాను, ఎవర్ని అడగాలో తెలియట్లేదు" అని రాశారు. మా అత్తగారికీ ఇదే మతిమరుపు జబ్బు, ఆవిడని నాలుగేళ్లు చూసుకున్నానండి. అప్పుడు మా అబ్బాయి మూడో క్లాసు. అందుకే మీరు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను.

ముందు మీ పేరు మీద ఓపీ రాయించుకోండి. అమ్మగారి పేరు మీద కాదు, మీ పేరు మీదే. రెండేళ్లపాటు నేను ఆస్పత్రికి అత్తగారి ఫైలు పట్టుకుని వెళ్లేదాన్నే తప్ప నా గురించి ఒక్క మాట చెప్పింది లేదు. ఒకసారి డాక్టరుగారు ఫైలు మూసి, "మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అనడిగారు. ఎంత ఆలోచించినా జవాబు రాలేదు, ఏడుపొచ్చింది. తర్వాతి వారం నన్ను విడిగా రమ్మని ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. జరిట్ స్కేల్ అంటారు దాన్ని. ఇలా చూసుకునేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోవడానికి 1980లో మొదలైంది, ఇప్పుడు వాడేదాంట్లో 22 ప్రశ్నలుంటాయి. అందులో ఒకటి, ఆ మనిషి దగ్గరున్నప్పుడు మీకు కోపం వస్తోందా అని. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగిపోయాను. అచ్చు వేసి మరీ అడుగుతున్నారంటే ఈ కోపం నా ఒక్కదానిదే కాదన్నమాట! ఆ రోజు ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

చుట్టాలందరూ "ఏదైనా కావాలంటే చెప్పు" అంటారు, మనం "పర్లేదులెండి" అంటాం. అక్కడితో సరి. నేను మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "వదినా, ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా అత్తయ్య దగ్గర కూర్చుంటావా?" అని గంటలతో సహా అడిగాను. వచ్చింది. మొదటి వారం మాత్రలెక్కడ, బట్టలెక్కడ అని ఆరుసార్లు నన్ను లేపింది. మర్నాడే అన్నీ ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించాను. సాయంత్రమైతే "మా ఇంటికి పోతా" అంటుంది, వాదించకు, చెయ్యి పట్టుకుని రెండు అడుగులు నడిపించు అని కూడా రాశాను. తర్వాత నుంచి ఆ మూడు గంటలూ నిద్రపోయేదాన్ని.

ఇలా చూసుకునేవాళ్లు కలుసుకునే బృందం ఏదైనా దగ్గర్లో ఉందేమో ఆస్పత్రిలోని సోషల్ వర్కర్‌ని అడగండి. మొదటిసారి నేను నోరే విప్పలేదు. భార్యను చూసుకుంటున్న ఒక పెద్దాయన, అద్దంలో తననే చూసుకుని ఎవరో వచ్చారని ఆవిడ భయపడేదనీ, అద్దం మీద దుప్పటి కప్పాక కుదుటపడిందనీ చెప్పారు. ఇంటికొచ్చి నేనూ అదే చేశాను. మా అత్తగారి సాయంత్రపు అరుపులు చాలామటుకు తగ్గాయి. నాకు ఏ డాక్టరూ చెప్పని సంగతి అది. బయటికి వెళ్లడం కుదరకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ డిమెన్షియా ఉన్నవాళ్లను చూసుకునేవాళ్ల కోసం ఐసపోర్ట్ అని పాఠాలు పెట్టింది, వీలున్నప్పుడు ఒక్కొక్కటి చదువుకోవచ్చు.

బాబు సంగతి వాళ్ల క్లాస్ టీచర్‌కి చెప్పండి, దాచొద్దు. మావాడు నోట్సు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి వెనక్కి వెళ్లిపోయేవాడట. వాళ్ల టీచర్ చెప్తేనే నాకు తెలిసింది. అరిచిన రోజు రాత్రి వాడి పక్కన కూర్చుని "కోపం నీ మీద కాదు నాన్నా, అలిసిపోయాను" అని చెప్పేదాన్ని. మీరూ చెప్పండి, ఆ వయసుకి అర్థమవుతుంది.

చెయ్యి చేసుకుంటానేమో అనిపించినా, బతకాలని లేదనిపించినా మాత్రం ఓపీ దాకా ఆగొద్దు. ఆ క్షణమే ఇంకొకరిని ఇంట్లోకి పిలవండి, ఆ రోజే డాక్టర్ని కలవండి, లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

అమ్మగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో రాస్తారా? మీ నిద్ర అక్కడే పోతోందేమో అని నా అనుమానం. మాకు పనికొచ్చినవి రెండు మూడు ఉన్నాయి, చెప్తాను.