బీపీ వినపడకపోతే వినపడలేదనే చెప్పు చెల్లీ

"ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాళ్ల) పరీక్ష మొదటిసారే పాసయ్యాను అక్కా. అంబులెన్స్ ఎక్కి మూడు వారాలైంది. బీపీ చూడబోతే చేతులు వణుకుతున్నాయి. ట్రైనర్ ఒక్క మాటా అనడు, ఆ మౌనం చూస్తేనే ఇంకా టెన్షన్. ఈ పనికి నేను పనికొస్తానా?" ఖమ్మం నుంచి వచ్చి న్యూజెర్సీలో ఉంటున్న ఒక చెల్లెలు అడిగింది. ఇలాంటి భయంతోనే ఉన్న మిగతావాళ్లకు కూడా ఉపయోగపడుతుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

పనికొస్తావమ్మా. మూడు వారాలకు ఎవరి చేతులైనా వణుకుతాయి. నేను పదకొండేళ్లుగా ఇక్కడ అంబులెన్స్‌లో పనిచేస్తున్నాను, కొత్తవాళ్లకు నేర్పుతున్నాను కూడా. చేతులు వణికేవాళ్ల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవాళ్ల గురించే. నేనూ ఒకరోజు ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

చేరిన రెండో నెల. అరవై దాటిన పెద్దాయనకు ఛాతీ నొప్పి. బండి పరుగెడుతోంది, సైరన్ మోగుతోంది. కఫ్ కట్టి స్టెతస్కోప్ పెడితే ఒక్క చప్పుడూ వినపడలేదు. రెండోసారీ అంతే. పక్కనే ఉన్న ట్రైనర్ "ఎంత?" అన్నాడు. "130 బై 80" అనేశాను. పెద్దాయన దగ్గర ఆయన డాక్టర్ రాసిచ్చిన నైట్రోగ్లిజరిన్ అనే గుండె నొప్పి మాత్ర ఉంది. బీపీ పై అంకె 100 కంటే తక్కువుంటే అది ఇవ్వకూడదన్నది మా నియమం. ట్రైనర్ మాత్ర తీయబోతూ ఎందుకో ఆగి, ఆయన మణికట్టు పట్టుకున్నాడు. నాడి అందీ అందనట్టుంది. కఫ్ మళ్లీ తనే ఊది చూశాడు. 88. మాత్ర వేసుంటే ఆ బీపీ ఇంకా పడిపోయేది.

పేషెంట్‌ని హాస్పిటల్‌లో అప్పగించాక నన్ను బండి వెనక్కి తీసుకెళ్లాడు. కోప్పడలేదు. "వినపడలేదని చెబితే నేను చూసేవాణ్ని. నువ్వు అంకె చెప్పావు, నేను నమ్మాను" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది.

కదిలే బండిలో వినపడకపోవడం నీ తప్పు కాదు. పేషెంట్ చేతిని స్ట్రెచర్ కడ్డీకి ఆననివ్వకుండా నీ మోకాలి మీద పెట్టుకో. మడమలు కొంచెం పైకెత్తి కాలివేళ్ల మీద ఉంచు, బండి అదురు తగ్గుతుంది. అప్పటికీ వినపడకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది ఆగేదాకా కఫ్ ఊది, మెల్లగా గాలి వదులు. నాడి తిరిగి తగిలిన చోట ఉన్న అంకే పై బీపీ. కింది అంకె దొరకదు. రిపోర్టులో కూడా నాడి పట్టి చూశామనే రాయి.

చిన్నప్పటి నుంచి క్లాసులో తెలియదంటే తిట్లు తిన్నవాళ్లం మనం. ఏదో ఒక జవాబు చెప్పి గట్టెక్కడం అలవాటైపోయింది. ఆ అలవాటు అంబులెన్స్‌లో వద్దు. తల ఊపడం కూడా మానెయ్. మన తల ఊపులో ఔనుందో కాదుందో ఇక్కడివాళ్లకు అర్థం కాదు. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు "రెడీ" అని నోటితో అను. రేడియోలో చెప్పింది తిరిగి చెప్పు. ట్రైనర్ మౌనానికి నువ్వే అర్థాలు వెతుక్కోకు. షిఫ్ట్ అయ్యాక "రేపటికి నేను మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి" అని అడుగు. ఒక్కటే అడిగితే ఎవరైనా చెబుతారు.

మనవాళ్లు తడబడే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. మనం పారాసెటమాల్ అనేదాన్ని ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు. పుట్టిన తేదీలో ముందు నెల, తర్వాత రోజు. ఐదో తేదీ జులైని మన పద్ధతిలో రాస్తే అది మే 7 అయిపోతుంది, హాస్పిటల్ కంప్యూటర్‌లో ఆ మనిషి దొరకడు.

ఎడిసన్ చుట్టుపక్కల పనిచేస్తున్నావు కాబట్టి తెలుగిళ్ల నుంచి కూడా కాల్స్ వస్తాయి. అక్కడ నీ విలువ వేరు. పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు గుండె నొప్పిని "గ్యాస్ అమ్మా, సోడా తాగితే పోతుంది" అంటారు. అంబులెన్స్ బిల్లుకు భయపడి కొడుకును ఫోన్ చెయ్యనివ్వరు. ఆయాసం ఉందా, చెమటలు పట్టాయా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతోందా అని మన మాటల్లో అడుగు. మందుల స్ట్రిప్పులన్నీ తెప్పించు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని నీ పార్ట్‌నర్‌కి తెలియకపోవచ్చు, నీకు తెలుసు. నైట్రో ఇచ్చే ముందు వయాగ్రా లాంటి మందులు వాడారా అని తప్పకుండా అడగాలి, రెండూ కలిస్తే బీపీ మరీ పడిపోతుంది. కోడలి ముందు ఏ మామగారూ దానికి నిజం చెప్పరు. ఇంట్లోవాళ్లను పక్క గదిలోకి పంపి అడుగు.

ఆ తర్వాత గుడిలోనో ఉగాది ఫంక్షన్‌లోనో ఎవరో ఒకరు నీ దగ్గరికొచ్చి "మొన్న వాళ్లింటికి అంబులెన్స్ వచ్చిందట, ఏమైందేంటి?" అంటారు. ప్రేమగానే అడుగుతారు. చెప్పకూడదు. పేరు చెప్పకపోయినా "మన వీధిలో ఒక అంకుల్" అంటే చాలు, మనవాళ్లకు తెలిసిపోతుంది. పేషెంట్ వివరాలు బయట పెట్టడం ఇక్కడ హిపా చట్టం కింద నేరం దాకా వెళ్లగలదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఇంటివాళ్లు మళ్లీ 911కి, అంటే ఇక్కడి అత్యవసర నంబరుకి, ఫోన్ చెయ్యడానికి జంకితే ఆ పాపం మనదే.

నువ్వు అడగని సంగతి ఒకటుంది. ఇవాళో రేపో నీ చేతుల కింద ఒక ప్రాణం పోతుంది. నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, రెండంగుళాల లోతున, నేర్పినట్టే ఛాతీ నొక్కినా పోతుంది. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోకు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ భయపడి "ఆ ఉద్యోగం మానెయ్" అంటుంది, అందుకే మొదట పార్ట్‌నర్‌తో మాట్లాడు. ఆ గదిలో నీతో పాటు ఉన్నది తనే. వారం గడిచినా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, మీ సంస్థలో కౌన్సెలింగ్ ఎలా దొరుకుతుందో అడుగు. మనసు మరీ చీకటైపోతే 988కి ఫోన్ చెయ్యి, అది ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ల కోసం పెట్టిన నంబరు, పగలూ రాత్రీ పలుకుతారు. సిగ్గుపడాల్సిన పని కాదిది.

వీసా సంగతి క్లుప్తంగా: హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఈఏడీ, అంటే పని చేసేందుకిచ్చే అనుమతి కార్డు, చేతికి రాకుండా జీతం తీసుకోకూడదు. ఎఫ్1 విద్యార్థులైతే ఊరి అంబులెన్స్ స్క్వాడ్‌లో వాలంటీర్‌గా చేరాలన్నా ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తీరాలి.

రేపు షిఫ్ట్‌కి ఇరవై నిమిషాలు ముందు వెళ్లు చెల్లీ. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూడు. నిండుగా ఉంటే 2000 పీఎస్ఐ (లోపలి ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది, 500కి దిగితే మేం మార్చేస్తాం. నోట్లో అడ్డుపడ్డవి లాగేసే సక్షన్ మెషీన్ ఆన్ చేసి చూడు. ఏ అరలో ఏముందో బండి ఆగి ఉన్నప్పుడే ఒక్కొక్కటీ తెరిచి చూసుకో. ఆ తర్వాత మీ ట్రైనర్‌ని చెయ్యి చాపమని అడిగి ఆయన బీపీ నాలుగుసార్లు చూడు. వినపడనిసారి వినపడలేదని పైకి చెప్పు.