మంచం కింద నుంచి రాని బెల్లం

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. పది రోజుల క్రితం ఒక షెల్టర్ నుంచి రెండేళ్ల ఆడకుక్కను ఫోస్టర్‌గా తెచ్చాం. దత్తత తీసుకునేవాళ్లు దొరికేదాకా మా దగ్గరే ఉంటుంది. వీధిలో గాయాలతో దొరికిందట. బెల్లం అని పేరు పెట్టాం. వచ్చినప్పటి నుంచి మంచం కిందే ఉంటోంది. రాత్రి అందరం పడుకున్నాకే తింటుంది. మొన్న మా అత్తయ్య గది ఊడుస్తుంటే గుర్రుమంది. ఆవిడ భయపడి ఆ గదిలోకే వెళ్లడం లేదు. మావారు వెనక్కి ఇచ్చేయమంటున్నారు. ఏడేళ్ల మా పాప ‘నేనంటే దానికి ఇష్టం లేదమ్మా’ అని ఏడుస్తోంది. నేను తప్పు చేశానా?
– ఓ సోదరి

జవాబు: తప్పు చేయలేదమ్మా. రాత్రిపూటే తింటోందని మీరు బాధగా రాశారు కానీ, నాకు అందులో మంచి కబురే కనిపించింది. మీ ఇంట్లో తిండి తినేంత ధైర్యం దానికి వచ్చింది. ఇక పగలు తినడం ఎన్నాళ్లకన్నదే మిగిలింది.

కుక్కల్ని చేరదీసేవాళ్లు 3-3-3 అని ఒక లెక్క చెప్పుకుంటారు. బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. ఇది ఉజ్జాయింపు లెక్కే. వీధిలో దెబ్బలు తిని, షెల్టర్లో అన్ని మొరుగుళ్ల మధ్య ఉండి వచ్చిన దానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మిక్సీ మోత, కుక్కర్ విజిల్, డెలివరీ అబ్బాయి కొట్టే బెల్లు మనకు వినిపించవు కూడా. దానికి ఒక్కొక్కటీ కొత్తే.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. అత్తయ్యగారు ఊడుస్తుంటే గుర్రుమందన్నారు. అంటే ఆవిడ చేతిలో చీపురు ఉంది. చాలా వీధి కుక్కలకు చీపురైనా, కర్రైనా, పైకెత్తిన చెయ్యైనా ఒకటే. పైగా ఆ చీపురు అది దాక్కున్న చోటికే వచ్చింది. వెనక గోడ, పారిపోయే దారి లేదు. ‘భయంగా ఉంది, దగ్గరికి రావద్దు’ అని దానికి తెలిసిన భాషలో చెప్పింది. అందుకు దాన్ని తిట్టకండి. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేయొచ్చు కానీ, లోపలి భయం పోదు. అప్పుడు హెచ్చరిక లేకుండానే కరిచే ప్రమాదం ఉంది. బెల్లం బయటికి వెళ్లినప్పుడే ఆ మంచం కింద ఊడవండి, సరిపోతుంది.

అత్తయ్యగారి భయాన్ని మాత్రం ఛాదస్తం అని కొట్టిపారేయకండి. రేబిస్ భయం ఉత్తదేమీ కాదు. షెల్టర్ వాళ్లిచ్చిన టీకా కార్డు ఆవిడ చేతికిచ్చి చూపించండి. బెల్లం చెవి కొస కత్తిరించి ఉంటే, అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేశారనడానికి గుర్తని చెప్పండి. ఒకవేళ ఎప్పుడైనా పన్ను గీసుకున్నా, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ పూజగదికి, వంటగదికి కుక్క రాకుండా చిన్న గేటు పెట్టించండి. తన చోటు తనకుందని తెలిస్తే ఆవిడ మనసూ కుదుటపడుతుంది.

పాపతో ఇలా చెప్పండి: ‘బెల్లానికి నువ్వంటే అయిష్టం కాదు, నువ్వెవరో దానికింకా తెలియదు.’ మంచం కింద చెయ్యి పెట్టడం, తొంగి చూడటం, పిలవడం వద్దు. రోజూ సాయంత్రం ఒకే సమయానికి, మీరూ పక్కనే ఉండగా, ఆ గదిలో దూరంగా పక్కకు తిరిగి కూర్చుని, తన తెలుగు వాచకమో కథల పుస్తకమో పైకి చదవమనండి. మధ్యమధ్యలో ఉప్పు, ఉల్లి వేయకుండా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి అటు విసిరితే చాలు. తినడానికి వచ్చినా తలతిప్పి చూడకూడదు. ఇది పిల్లకు కష్టమే, కానీ చేయగలదు.

తిండి మాత్రం ఒక్కసారిగా మార్చకండి. షెల్టర్లో పెట్టినదే పెడుతూ మెల్లగా మార్చండి. రాత్రి కూడా తినడం మానేసినా, నీరసంగా పడి ఉన్నా, చిగుళ్లు పాలిపోయినా వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. వీధి నుంచి వచ్చినవాటికి గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం (టిక్ ఫీవర్) మన దగ్గర మామూలే. బయటికి తీసుకెళ్లేటప్పుడు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), లీష్ (మనం పట్టుకునే తాడు) రెండూ ఉండాలి, మెడ పట్టీకి మీ ఫోన్ నంబరు ఉండాలి. కొత్తలో తలుపు తెరిచినప్పుడే ఎక్కువగా పారిపోతాయి.

మీవారితో వాదించకండి. నెల రోజుల గడువు అడగండి. అప్పటికీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేకపోతే షెల్టర్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం పాపమేమీ కాదు. వాళ్లు వేరే ఇల్లు చూస్తారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. బెల్లం ఎలాగూ వెళ్లిపోతుంది. ఆ సంగతి పాపకు ఆఖరి రోజున కాదు, ఇప్పుడే చెప్పండి. ఒక నోట్‌బుక్ కొనిచ్చి, ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతోంది, ఎప్పుడు తోక ఊపింది, ఎక్కడ నిమిరితే ఊరుకుంటోంది, అన్నీ రాయమనండి. తీసుకెళ్లేవాళ్లకు ఆ పుస్తకం పాప చేతే ఇప్పించండి. మొదటి పేజీలో చీపురు సంగతి రాయించడం మరిచిపోకండి.