చెత్త గ్యాసిఫైయర్ ధర అంచనా వేయడం ఎలా?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ చెత్తతో నడిచే, ట్రాలీ మీద పెట్టుకునే గ్యాసిఫికేషన్ యూనిట్‌కి ఎంతవుతుందని అడిగారు. ఇది తక్కువ గాలిలో చెత్తను వేడిచేసి మండే గ్యాస్‌గా మార్చి, దాంతో ఇంజను నడిపి కరెంటు తీసే మెషిన్. కిలోవాట్‌కి ఇంత అని చెప్పే కొటేషన్‌ని ముందే నమ్మకండి. అందులో తరచూ గ్యాస్ తయారయ్యే రియాక్టర్, ఇంజను మాత్రమే ఉంటాయి. చెత్త ముక్కలు చేసే మెషిన్, డ్రయ్యర్, గ్యాస్‌లోని తారును పట్టే ఫిల్టర్లు, కంట్రోల్ ప్యానెల్ వేరే.

అసలు ఖర్చు తేమది. 20 కిలోవాట్ల మెషిన్ పది గంటలు నడిస్తే 200 యూనిట్ల కరెంటు. యూనిట్‌కి సుమారు కిలోంబావు ఎండు చెత్త చొప్పున 250 కిలోలు కావాలి, తేమ 15 శాతం దాటకూడదు. వంటింటి చెత్తలో 75 శాతం నీళ్లే అనుకుంటే, దాదాపు 850 కిలోల పచ్చి చెత్తలోంచి 600 కిలోల నీరు ఆవిరి చేయాలి. వర్షాకాలంలో ఎండబెట్టే చోటేది? ఇంజను వేడిని డ్రయ్యర్‌కి మళ్లించే ఏర్పాటు ఉందా అని తప్పకుండా అడగండి.

ఆపరేటర్ జీతం, ఫిల్టర్లు, బూడిద, తారు నీటి పారవేతకు నెలనెలా పెట్టేది కలపండి. మెషిన్ సొంతానికి వాడుకునే కరెంటు తీసేసి, నెలకు మిగిలిన యూనిట్లతో ఆ మొత్తాన్ని భాగిస్తే, యూనిట్ కరెంటుకు నడిపే ఖర్చెంతో తెలుస్తుంది.

కూరగాయల తొక్కలే ఎక్కువైతే బయోగ్యాస్ నయం. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చేసింది అదే. కొమ్మలు, కొబ్బరి చిప్పలు ఉంటేనే గ్యాసిఫైయర్.